నిండు బిందె బరువు బొమ్మలో కనిపించాలంటే

ప్రశ్న: మాది జనగామ దగ్గర ఒక పల్లె. పెళ్ళయి హనుమకొండ వచ్చి 12 ఏళ్ళయింది. ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. బొమ్మలంటే ఇష్టమున్న నలుగురం ప్రతి ఆదివారం మా డాబా మీద కలుస్తాం. ఒకరికి ఫ్లెక్సీల షాపు ఉంది, ఒకాయన బ్యాంకు ఉద్యోగి, ఒకమ్మాయి డిగ్రీ చదువుతోంది. నేను మొదటి నుంచీ పల్లె బొమ్మలే వేస్తాను. గుడిసె, తాటిచెట్లు, ఎడ్లబండి, బిందె ఎత్తుకున్న అమ్మాయి. ఇంట్లో పెట్టుకోవడానికి కొందరు కొనుక్కున్నారు కూడా. కానీ రెండేళ్ళుగా ఏది మొదలుపెట్టినా పాత బొమ్మే మళ్ళీ వస్తోంది. పోయిన నెల మా ఫ్లెక్సీ షాపు తమ్ముడు నా బొమ్మ చూసి, "అక్కా, ఈమె బిందెలో నీళ్ళున్నాయా?" అన్నాడు. ఆ రోజు నుంచి కుంచె ముట్టలేదు. పల్లె జీవితాన్ని వేసిన గొప్ప చిత్రకారుల బొమ్మలు కలిసి చూద్దామని మావాళ్ళు అంటున్నారు. నాకు మూడు భయాలు. వాళ్ళవి చూస్తూ పోతే వాళ్ళ చెయ్యే నాకు పట్టుకుంటుందేమో. ఎక్కడో ఫ్రాన్సు రైతుల బొమ్మలు చూస్తే మన పల్లెకు ఏం ఉపయోగం? మూడోది, నలుగురం కూర్చుంటే అరగంటకే ముచ్చట్లు ఎటో వెళ్ళిపోతాయి. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ తమ్ముడి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ఆ మాట మిమ్మల్ని నొప్పించిందని తెలుస్తూనే ఉంది. కానీ మీరు రెండేళ్ళుగా వెతుకుతున్న దారి అందులోనే ఉందని నాకు అనిపిస్తోంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

నిండు బిందెను చంకన ఎత్తుకున్న మనిషిని ఒకసారి గుర్తు చేసుకోండి. నడుము బిందె వైపు తోసుకొస్తుంది. పై ఒళ్ళు రెండో పక్కకు వాలుతుంది. ఖాళీగా ఉన్న చెయ్యి తూకం కోసం కాస్త బయటికి లేస్తుంది. అదే బిందె నెత్తిన ఉంటే మెడ కదలదు, చూపు నేరుగా ఉంటుంది, దారిలో రాయి ఉందో లేదో పాదమే వెతుక్కుంటుంది. మనం చిన్నప్పటి నుంచి క్యాలెండర్లలో చూసిన బిందె అమ్మాయిల్లో ఇవేవీ ఉండవు. బిందె ఒక నగలాగా ఒంటికి ఆని ఉంటుంది. మనలో చాలామందికి పల్లె బొమ్మ మొదట చేతికి వచ్చింది ఆ క్యాలెండర్ల నుంచే. అందులో మీ తప్పేమీ లేదు.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు దుక్కి దున్నే రైతు బొమ్మ వేశాను. రంగులు బాగా కుదిరాయని చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. మా పెదనాన్న ఒక్కడే చాలాసేపు చూసి, "ఎడ్లు బాగున్నయి గానీ కర్రు భూమిల దిగనే లేదు గదరా, వాటికి బరువెక్కడిది?" అన్నాడు. నిజమే. నాగలిని నేల మీద ఆనించి గీశాను. మేడి మీద మనిషి బరువు పడలేదు. కాడి కింద ఎడ్ల మెడలు దిగలేదు. ఆ ఒక్క మాటతో నా చూపు మారిపోయింది. అప్పటి నుంచి పల్లె బొమ్మ ఎవరిది చూసినా బరువు ఎక్కడుందా అని నా కన్ను ముందుగా వెతుక్కుంటుంది.

మీకు చెప్పదలచుకున్నదీ ఇదే. పల్లెను వేసిన గొప్పవాళ్ళ దగ్గరికి పల్లె అందం కోసం వెళ్ళకండి, పల్లె పని కోసం వెళ్ళండి. ఎవరు ఏం మోస్తున్నారు, ఎక్కడ వంగారు, ఎన్ని గంటల నుంచి వంగి ఉన్నారు, చిత్రకారుడు ఎక్కడ నిలబడి చూశాడు అని అడుగుతూ చూడండి. ఆ చూపుతో చూస్తే మీ మూడు భయాల్లో రెండు వాటంతటవే తగ్గుతాయి. మూడోదానికి నలుగురూ కలిసి ఒక పద్ధతి పెట్టుకోవాలి.

ఫ్రాన్సు సంగతి ముందు చెబుతాను. జ్యాఁ ఫ్రాన్స్వా మిలే 1814లో నార్మండీ తీరాన గ్రుషీ అనే చిన్న పల్లెలో రైతు ఇంట్లో పుట్టాడు. కుర్రతనంలో పొలం పని చేసినవాడే. పారిస్‌లో కొన్నాళ్ళు ఉండి, 1849లో ఫోంతెన్‌బ్లో అడవి అంచున ఉన్న బార్బిజోన్ అనే ఊరికి కుటుంబంతో వెళ్ళి, 1875లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన 1857లో ప్రదర్శించిన ఒక బొమ్మ ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. కోత అయిపోయిన పొలంలో ముగ్గురు ఆడవాళ్ళు రాలిన గోధుమ కంకులు ఏరుకుంటున్నారు. దాని పేరును తెలుగులో చెప్పాలంటే మనం కష్టపడనక్కర్లేదు. పరిగె ఏరుకోవడం. మన దగ్గర వరి కోశాక, వేరుశెనగ పీకాక, పొలంలో మిగిలినవి లేనివాళ్ళు ఏరుకునే పని ఇది. ఆ పనికి మనకు సొంత మాట ఉంది. ఆ మాట మీ అమ్మగారికి తప్పకుండా తెలిసి ఉంటుంది. అలాంటప్పుడు ఆ బొమ్మ మనకు దూరం ఎలా అవుతుంది?

దాన్ని నిదానంగా చూడండి. ఇద్దరు పూర్తిగా వంగి ఉన్నారు. ఎడమ పక్కన ఉన్నామె ఏరినవాటిని ఒక చేత్తో నడుము వెనక పట్టుకుంది. వంగి పనిచేసేవాళ్ళకు అది అలవాటు, రెండో చెయ్యి ఊరికే వేలాడితే నడుము ఇంకా లాగుతుంది. మూడో ఆమె సగమే వంగి ఉంది. ఆమె ఇప్పుడే లేస్తోందా, మళ్ళీ వంగబోతోందా? ఈ ఒక్క ప్రశ్న మీద మీ నలుగురూ పావుగంట మాట్లాడుకోవచ్చు. ముఖాలు దాదాపు కనిపించవు. వంగిన ఇద్దరి వీపులూ ఆకాశం గీతను దాటవు, నేల రంగులోనే ఉండిపోతాయి. ఇక వెనక్కి చూడండి. దూరంగా వెలుగులో పెద్ద పెద్ద కుప్పలు, బండి నిండా మోపులు, కూలీల గుంపు, కుడివైపు గుర్రం మీద అజమాయిషీ చేసే మనిషి. పంటంతా అక్కడుంది. వీళ్ళ చేతుల్లో పిడికెడు కంకులున్నాయి. మిలే ఎవరినీ ఏడిపించలేదు, ఎవరినీ తిట్టలేదు. ముందు ఎవరిని పెట్టాలి, వెనక ఎవరిని పెట్టాలి అన్నది మాత్రం ఎంచుకున్నాడు. 1848 విప్లవం జరిగి ఇంకా పదేళ్ళు కాలేదు, అందుకే పారిస్‌లో కొందరు విమర్శకులకు ఆ ముగ్గురు పేద ఆడవాళ్ళను చూస్తేనే భయం పుట్టింది.

ఇంకో సంగతి. మిలే పొలం గట్టు మీద స్టాండు పెట్టుకుని వేసే రకం కాదు. బయట తిరిగి చూసి, చిన్న చిన్న గీతలు గీసుకుని, ఇంటికొచ్చి ఎక్కువగా జ్ఞాపకం మీద వేసేవాడు. ఊరు వదిలి పన్నెండేళ్ళయిందన్న దిగులు మీ ఉత్తరంలో కనిపించింది, అందుకే ఇది చెబుతున్నాను. దూరంగా ఉండి వేయడం లోపం కాదు. జ్ఞాపకంలో ఏం మిగిలిందన్నదే ముఖ్యం. గుడిసె, తాటిచెట్టు మిగిలాయా, లేక మీ అమ్మ నాటు వేసి ఇంటికొచ్చాక నడుము మీద చెయ్యి పెట్టుకుని గడప మీద కూర్చున్న తీరు మిగిలిందా?

ఇప్పుడు మీ మొదటి భయం, వాళ్ళ చెయ్యి పట్టుకుంటుందేమోనన్నది. విన్సెంట్ వాన్ గో జీవితమంతా మిలేను గురువుగా చూసుకున్నాడు, ఒక్కసారి కూడా కలవకుండానే. 1889లో సెంట్ రెమీలో మానసిక చికిత్స కోసం ఆశ్రమంలో ఉన్నప్పుడు, బయటికి వెళ్ళి వేసే వీలు లేని రోజుల్లో, తమ్ముడు తియో పంపిన అచ్చు బొమ్మలు ముందు పెట్టుకుని మిలే చిత్రాలను దాదాపు 20 దాకా మళ్ళీ వేశాడు. ఆ అచ్చులు నలుపు తెలుపువి. గీత మిలేది, రంగు మాత్రం వాన్ గో తన మనసులోంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఒకరు రాసిన సంగీతాన్ని ఇంకొకరు వాయించినట్టు ఇది అని తమ్ముడికి రాశాడు. వాటిలో ఒకటి, మధ్యాహ్నం గడ్డికుప్ప నీడలో ఇద్దరు కూలీలు పడుకున్న బొమ్మ. పక్కన రెండు కొడవళ్ళు, విప్పి పెట్టిన చెప్పులు. ఆ పసుపు, ఆ నీలం చూసి అది మిలే బొమ్మ అని ఎవరూ అనరు.

ఇది మీకు పనికొచ్చే కిటుకు. మీ ఫ్లెక్సీ షాపు తమ్ముడికి ప్రింటు తీయడం చిటికెలో పని. పరిగె ఏరుకునే ఆడవాళ్ళ బొమ్మను నలుపు తెలుపులో, పెద్ద సైజులో నాలుగు కాపీలు తీయించండి. నలుగురూ అదే గీత మీద ఎవరి రంగు వాళ్ళు వేయండి. మీరు మీ ఊరి చెలక ఎర్రమట్టి రంగు వేస్తారు. బ్యాంకు ఆయనది నల్లరేగడి ఊరైతే ఆయన కాగితం ఇంకోలా ఉంటుంది. డిగ్రీ అమ్మాయి బహుశా ఆ ముగ్గురికీ చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కాలు తొడుగుతుంది, ఎందుకంటే ఇవాళ మన పొలాల్లో ఆడవాళ్ళు అలాగే కనిపిస్తున్నారు. నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరి చెయ్యి ఎవరికి పట్టుకుందో అప్పుడు తేలిపోతుంది.

దగ్గర ఉదాహరణ ఇంకొకటి చెబుతాను, ఇది మన ఇంటిదే. తోట వైకుంఠం 1942లో కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో పుట్టారు. లక్ష్మా గౌడ్ 1940లో మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్‌లో పుట్టారు. ఇద్దరిదీ పల్లె. ఇద్దరూ హైదరాబాద్‌లో చదివి, ఆ తర్వాత బరోడా వెళ్ళి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గరే నేర్చుకున్నారు. ఆ సుబ్రమణ్యన్ శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివినవారు. ఒకే గురువు, ఒకే తెలంగాణ పల్లె. మరి బొమ్మలు? వైకుంఠం దగ్గర ఎర్రటి, కాషాయపు చీరల్లో నిండుగా ఉండే ఆడవాళ్ళు, పెద్ద బొట్టు, గట్టి అంచు గీతలు. ఊళ్ళకు వచ్చే నాటక బృందాల్లో ఆడవేషం కట్టిన మగ నటులను చిన్నప్పుడు కళ్ళార్పకుండా చూసిన జ్ఞాపకం ఆ రూపాల వెనక ఉంది. లక్ష్మా గౌడ్ దగ్గర ఎచింగ్ పలక (గీత గీసి అచ్చు తీసే లోహపు పలక) మీద సన్నని నల్ల గీతలు, మేకలు, చెట్లు, దాచుకోని దేహాలు, పల్లెలోని మొరటుతనం, కోరిక. ఆ ఇద్దరినీ తారుమారు చేసి ఎవరూ పొరబడరు. గురువు బొమ్మకూ వాళ్ళ బొమ్మలకూ కూడా పోలిక దొరకదు. ఇంకొకరిని దగ్గరగా చూడటం వల్ల వాళ్ళు తమను పోగొట్టుకోలేదు.

పోగొట్టుకునే దారి మాత్రం ఒకటుంది, అది కూడా చెప్పాలి. వైకుంఠం పెద్ద బొట్టు, ముక్కుపుడక, ఎర్రచీర తీసుకుని వేసిన బొమ్మలు ఇవాళ హోటల్ లాబీల్లో, అపార్ట్‌మెంట్ గోడల మీద ఎన్నో కనిపిస్తాయి. వాటిలో ఆయన వేషం ఉంటుంది, ఆయన చూసిన మనిషి ఉండదు. ఈ రకం బొమ్మలు చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. మీరు ఒక చిత్రకారుడి బొమ్మ చూసినప్పుడు, ఇందులో నాకు నచ్చింది వేషమా, చూపా అని ఒక్కసారి అడగండి. వేషమైతే చూసి ఆనందించి పక్కన పెట్టండి. చూపు అయితే దాన్ని తీసుకుని మీ ఊరికి వెళ్ళండి.

మీ ఊరి దగ్గర చేర్యాల ఉందిగా! జనగామ వైపు మనిషికి నేను చేర్యాల గురించి చెప్పడం ఏమిటి అనిపిస్తుంది, కానీ పక్కనే ఉన్నది కాబట్టే మనం చివరగా చూస్తాం. అక్కడి నకాషీ చిత్రకారులు వేసే కథల పటాల్లో ఎర్రటి నేపథ్యం మీద కథ వరసలు వరసలుగా కిందికి దిగుతుంది. ఖద్దరు బట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి గట్టి చేసుకుని దాని మీద వేస్తారు. ఆ పటాలు గోడకు తగిలించుకోవడానికి పుట్టలేదు. కథ చెప్పేవాళ్ళు ఊరూరా తిరిగి, పటం కొంచెం కొంచెం విప్పుతూ రాత్రుళ్ళు పాడేవాళ్ళు. పద్మశాలీలకు కూనపులి వాళ్ళు, గౌడులకు గౌడజెట్టి వాళ్ళు, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథా, ఒక్కో పటమూ. అంటే చూసేవాళ్ళు ఆ పని తెలిసినవాళ్ళే. మగ్గం తప్పుగా వేస్తే పద్మశాలి ఊరుకుంటాడా? గీత కార్మికుడి మోకు ఎక్కడ చుట్టాలో తప్పితే గౌడన్న ఒప్పుకుంటాడా? ఆ కళ్ళ ముందు నిలబడాల్సిన బొమ్మ అది. మీ తమ్ముడు బిందె గురించి అడిగింది కూడా అలాంటి ప్రశ్నే. మీ నలుగురూ ఒక రోజు చేర్యాల వెళ్ళి రండి. కొనడానికే వెళ్ళనక్కర్లేదు. అంచు గీత ఎప్పుడు వేస్తారో, రంగు ముందా గీత ముందా, పక్కన కూర్చుని చూడండి.

అక్కడి నుంచి సిద్దిపేట కాపు రాజయ్య దగ్గరికి రావడం తేలిక. 1925లో పుట్టి 2012లో పోయిన ఆ పెద్దాయన బోనాలు, బతుకమ్మ, పల్లె పనులు వేస్తూ సిద్దిపేటలోనే ఉండిపోయారు. నకాషీ బొమ్మల గీత ఆయన గీతలో స్పష్టంగా వినిపిస్తుంది. వినిపిస్తుంది అనే అంటాను, ఎందుకంటే ఆయన బొమ్మల్లో ఒక తాళం ఉంది. బోనం ఎత్తుకున్న ఆడవాళ్ళ వరసలో ఒక్కొక్కరి అడుగు చూడండి, డప్పు ఏ వేగంలో మోగుతోందో చెప్పగలుగుతారు. నా మట్టుకు నాకు మన పల్లెను వేసినవాళ్ళలో ఆయనంటే కాస్త ఎక్కువ ప్రేమ. పెద్ద నగరానికి వెళ్ళకపోయినా చిత్రకారుడిగా బతకవచ్చని ఆయన బతికి చూపించారు.

ఇక స్నేహితుల సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీకు ఉన్న అదృష్టం అదే. బార్బిజోన్‌లో మిలే ఒంటరిగా లేడు. తియోడోర్ రూసో అనే ప్రకృతి చిత్రకారుడు ఆ ఊళ్ళోనే ఉండేవాడు. మిలే ఇంట్లో బాగా ఇబ్బందిగా ఉన్న రోజుల్లో, చెట్టుకు అంటు కడుతున్న రైతు బొమ్మను ఎవరో అమెరికా ఆయన కొన్నాడని చెప్పి రూసోనే డబ్బు ఇచ్చి కొన్నాడని చెబుతారు. స్నేహితుడికి సాయం చేసినట్టు కూడా తెలియకూడదని ఆయన తాపత్రయం. మన రాజమండ్రిలో దామెర్ల రామారావు 1925లో 28 ఏళ్ళైనా నిండకుండానే మశూచితో పోతే, ఆయన బొమ్మలు చెదిరిపోకుండా కాపాడింది స్నేహితులూ శిష్యులే. ఆయన పేరుతో ఉన్న గ్యాలరీ ఇప్పటికీ రాజమండ్రిలో ఉంది. గోదావరి వైపు వెళ్ళినప్పుడు తప్పక చూడండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. వాన్ గో 1885లో హాలండులోని న్యూనెన్‌లో బంగాళదుంపలు తింటున్న రైతు కుటుంబం బొమ్మ వేశాడు. అంతకు ముందు చలికాలమంతా ఆ ఊరి రైతుల ముఖాలే పదుల కొద్దీ వేస్తూ కూర్చున్నాడు. గిన్నెలోకి చెయ్యి పెట్టి తింటున్న వీళ్ళు అదే చేత్తో నేల తవ్వారని చూసేవాళ్ళకు తెలియాలని ఆయన తపన. దాని అచ్చు ప్రతి ఒకటి స్నేహితుడు వాన్ రాపార్డ్‌కు పంపాడు. ఆయన అసలు బొమ్మ చూడలేదు, ఆ అచ్చు మాత్రమే చూసి, వెనక ఉన్న స్త్రీ చెయ్యి అబద్ధంగా ఉందని, కుడివైపు మనిషికి మోకాలూ పొట్టా ఊపిరితిత్తులూ లేవని, ఇంత పైపైన ఎందుకు వేశావని కటువుగా రాశాడు. వాన్ గో ఆ ఉత్తరం తిప్పి పంపేశాడు. ఆ స్నేహం మళ్ళీ పూర్తిగా అతకలేదు.

రాపార్డ్ చెప్పిన వాటిలో నిజం లేకపోలేదు. చెయ్యి గురించి అన్న మాట వేసినవాడికి పనికొస్తుంది. "నువ్వు మనసు పెట్టి వేయలేదు" అన్న మాటతోనే స్నేహం విరిగింది. మీ ఆదివారాలకు నేను ఇచ్చే మొదటి నియమం ఇదే: బొమ్మలో ఉన్న చేతి గురించి, నడుము గురించి, నీడ గురించి ఎంతైనా మాట్లాడండి, వేసినవాళ్ళ మనసు గురించి మాట్లాడకండి. రెండోది, వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చూసి తీర్పు చెప్పకండి. అసలు కాగితం ముందు కూర్చున్నాకే నోరు విప్పండి. ఈ లెక్కన చూస్తే మీ తమ్ముడి ప్రశ్న ఎంత మంచిదో గమనించారా? ఆయన మీ గురించి ఒక్క మాట అనలేదు. బిందె గురించే అడిగాడు.

ముచ్చట్లు ఎటో పోతాయన్న మూడో భయానికి మందు సులభం. ఒక ఆదివారానికి ఒక్కటే బొమ్మ. నాలుగు బొమ్మలు పెట్టుకుంటే కచ్చితంగా కబుర్లలోకి దిగుతారు. పెద్ద ప్రింటు గోడకు అంటించి, ఫోన్లు లోపల పెట్టి, పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చూడండి. తర్వాత ప్రింటు తిప్పేసి, గుర్తున్నది గుర్తున్నట్టు నలుగురూ పెన్సిల్‌తో గీయండి. మళ్ళీ ప్రింటు ఇటు తిప్పి పోల్చుకోండి. ఎవరు ఏం మర్చిపోయారో చూస్తే ఆశ్చర్యపోతారు. గుర్రం మీద మనిషిని ముగ్గురు మర్చిపోతారు, ఒకరికి అతనే ముందు గుర్తుంటాడు. అలా ఎందుకన్నది మాట్లాడుకోండి. దీనికి గంట చాలు. తర్వాత టీ తాగి ఎన్ని కబుర్లైనా చెప్పుకోండి, అవీ కావాలి.

ఎవరెవరిని చూడాలి అంటే పెద్ద జాబితా ఇవ్వను. నాలుగైదు నెలలకు సరిపడా పేర్లు పైన చెప్పేశాను. వాళ్ళకు తోడు 1938లో హరిపురా కాంగ్రెస్ సభల కోసం నందలాల్ బోస్, ఆయన శిష్యులు వేసిన పోస్టర్లు చూడండి. డోలు వాయించేవాడు, వడ్రంగి, చెప్పులు కుట్టేవాడు, బిడ్డతో తల్లి, ఒక్కొక్క కాగితం మీద ఒక్కొక్క పని. సభకు వచ్చే పల్లె జనం చూసి తమవే అనుకోవాలని, వేగంగా, తక్కువ గీతలతో వేశారు. డిగ్రీ అమ్మాయికి అవి బాగా నచ్చుతాయని నా ఊహ. అమృతా షేర్‌గిల్ 1937లో దక్షిణాది ప్రయాణం తర్వాత వేసిన, సంతకు వెళ్ళే పల్లె జనం బొమ్మ కూడా ఒక ఆదివారానికి పెట్టుకోండి. అందులో పని తక్కువ, మౌనం ఎక్కువ. నాకు ఆమె రంగు ఇష్టం, ఆ మనుషులు మాత్రం కాస్త దూరంగా అనిపిస్తారు. మీకు వేరేగా అనిపించవచ్చు, నలుగురూ వాదించుకోండి.

నెలకు ఒక ఆదివారం మాత్రం డాబా దిగి పొలం దగ్గరికి వెళ్ళాలి. లేకపోతే ఈ చూడటమంతా పుస్తకాల్లోనే ఉండిపోతుంది. పన్నెండేళ్ళలో మీ ఊరు చాలా మారింది. కోతకు హార్వెస్టర్ వస్తోంది, పరిగెకు మిగిలేది తక్కువ. చాలా ఊళ్ళలో నాట్లకు బెంగాల్ నుంచి, బీహార్ నుంచి మగవాళ్ళ ముఠాలు వస్తున్నాయి. తెల్లవారుజామున కూలీలతో కిక్కిరిసిన ఆటో, ప్లాస్టిక్ బిందె, బండికి రెండు వైపులా పాల క్యాన్లు, వీపున మందు పంపు వేసుకున్న కుర్రాడు. మీరు వదిలొచ్చిన పల్లె మీద ప్రేమతో ఇవాళ్టి పల్లెను కాదనకండి. మిలే తన కాలపు కూలీలనే వేశాడు, తాతల కాలపు వాళ్ళను వెయ్యలేదు.

వెళ్ళినప్పుడు గట్టు మీద నిలబడి ఫోన్ ఎత్తకండి. ముందు పలకరించండి, పని చేస్తున్నవాళ్ళను అడగండి. వీలైతే గంటసేపు పనిలోకి దిగండి. పత్తి తీసే కాలమైతే నడుముకు ఒడి కట్టుకుని రెండు సాళ్ళు ఏరండి. ఒడి నిండే కొద్దీ మీ ముందు భాగం ఎంత బరువెక్కుతుందో, ఎండిన కాయ మొనలు వేళ్ళకు ఎక్కడ గీసుకుంటాయో తెలుస్తుంది. నాట్ల కాలమైతే ఎడమ చేతిలో నారు పట్టుకుని వెనక్కి నడుస్తూ నాటి చూడండి. నాట్లు వేసేవాళ్ళు ముందుకు నడుస్తున్నట్టు వేసిన బొమ్మలు నేను ఎన్ని చూశానో! నాటిన మొక్కలను తొక్కుకుంటూ ఎవరైనా ముందుకు వెళ్తారా? బురదలోకి ఒక్కసారి దిగినవాళ్ళు ఆ తప్పు మళ్ళీ చేయరు. ఇంటికి వచ్చాక, కాళ్ళు కడుక్కుని, ఒంట్లో ఆ నొప్పి ఉండగానే గీయండి. ఆ గీతలు వంకరగా వచ్చినా దాచుకోండి. తర్వాతిసారి వెళ్ళినప్పుడు ఎవరి బొమ్మ వేశారో వాళ్ళకు చూపించండి, ఒక కాపీ ఇవ్వండి. వాళ్ళు చెప్పే సవరణ ఏ ఆర్ట్ కాలేజీలోనూ దొరకదు.

ఒక్క మాట మీ పాత బొమ్మల గురించి. వాటిని చింపకండి, సిగ్గుపడకండి. కొనుక్కున్నవాళ్ళు మీ చేతిలోని రంగును ప్రేమించి కొన్నారు. ఆ రంగు మీతోనే ఉంది.

ఈ ఆదివారం మాత్రం ఏ చిత్రకారుడి బొమ్మా పెట్టుకోవద్దు. ఆ తమ్ముడినే పిలిచి, కింద నల్లా దగ్గర స్టీలు బిందె నిండా నీళ్ళు పట్టి డాబా మీదికి ఎక్కించమనండి. ముందు ఆయన ఎత్తుకోవాలి, తర్వాత డిగ్రీ అమ్మాయి, తర్వాత బ్యాంకు ఆయన, చివరగా మీరు. ఒకరు మోస్తుంటే మిగిలిన ముగ్గురూ గీయాలి, మోసేవాళ్ళు ఇక చాలు అనేదాకా. నీళ్ళు ఒలికి కాగితాలు తడిస్తే తడవనివ్వండి. ఆ కాగితాల్లో మీకు నచ్చిన ఒకటి నాకు పంపండి.